బంతిపూల రసం, గాజులాంటి వలయం

చెన్నైలో మైక్రోబయాలజీ చదివే రోజుల్లో నేను కోయంబేడు మార్కెట్టు నుంచి కిలో బంతిపూలు తెచ్చి, రేకలు తుంచి, నీడన ఎండబెట్టి, పొడి చేసి, ఇథనాల్‌లో (ఆల్కహాల్‌లో) నానబెట్టాను. దెబ్బ తగిలితే అమ్మమ్మ బంతాకు పసరు పిండేది కనుక, ఆకులోని గుణం పువ్వులోనూ కొంత ఉండకపోదని నా ఆశ. పుండ్లకు చీము పట్టించే స్టెఫలోకాకస్ బ్యాక్టీరియాను పూసిన అగార్ ప్లేటులో (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పళ్ళెంలో) 6 మిల్లీమీటర్ల గుంటలు చేసి, వాటిలో ఆ రసం పోసి, 37 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచితే, తెల్లవారేసరికి మసకగా పరుచుకున్న పొరలో గుంటల చుట్టూ గాజులా తేటపడిన వలయాలు కనిపించాయి, అంటే అక్కడ బ్యాక్టీరియా పెరగలేదు. నా సంబరం మధ్యాహ్నం దాకా నిలవలేదు. వట్టి ఇథనాల్ పోసిన గుంట ఏదని మా గైడు గారు అడిగారు. నేను అది పెట్టనేలేదు. మర్నాడు పెడితే దాని చుట్టూ కూడా వలయం వచ్చింది, కాస్త చిన్నది, అంతే. అంటే నా వలయంలో చాలావరకు ఇథనాల్ పనే.

పూలలో కొత్త మందు వెతకడం వృథా అని నేను అనను. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్ 1959లో వాడుకలోకి వస్తే, 1961 నాటికే దానికి లొంగని స్టెఫలోకాకస్ బ్రిటన్‌లో బయటపడింది. 2019 ఒక్క ఏడాదిలోనే మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా దాదాపు 12.7 లక్షల మంది ప్రాణాలు తీసిందని అంచనా. రేకల్లోని ఫ్లేవనాయిడ్లనే రసాయనాలు బ్యాక్టీరియా పొరను దెబ్బతీయగలవు, టానిన్లనే వగరు పదార్థాలు దాని ప్రోటీన్లను పట్టి బిగించగలవు. అయితే సూడోమోనాస్ వంటి గ్రామ్ నెగెటివ్ అనే వర్గపు బ్యాక్టీరియాకు అదనంగా ఒక బయటి పొర, లోపలికి వచ్చినదాన్ని వచ్చినట్టే బయటికి తోడేసే పంపులు ఉంటాయి. స్టెఫలోకాకస్‌ను ఆపిన రసం వాటి దగ్గర తరచు చతికిలబడుతుంది.

వలయం వెడల్పును చూసి బలాన్ని లెక్కగట్టడం మరో పొరపాటు. టానిన్ల వంటి పెద్ద అణువులు అగార్‌లో నెమ్మదిగా పాకుతాయి కనుక, బలమైన రసానికి కూడా చిన్న వలయమే రావచ్చు. అందుకే రసాన్ని సగానికి సగం పలుచన చేస్తూ, బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస మోతాదు ఎంతో చూడాలి. మంచి యాంటీబయాటిక్‌కు మిల్లీలీటరుకు ఒకటి రెండు మైక్రోగ్రాములు సరిపోయే చోట, ముడి పూల రసానికి తరచు మిల్లీగ్రాములు కావాలి, అంటే వెయ్యి రెట్లు. అంత మోతాదు రక్తంలోకి ఎక్కించడం కుదిరే పని కాదు; పుండు మీద పూయడం వరకైతే ఆలోచించవచ్చు.

రెండోసారి పూల కోసం వెళ్ళినప్పుడు, కుప్పం నుంచి వచ్చి అమ్ముకునే ఆవిడను తోటలో ఏమైనా కొడతారా అని అడిగాను. "మందు కొట్టకపోతే పురుగు ఒక్క రేకైనా మిగల్చదమ్మా" అన్నది. ఆ మందు కూడా నా ఇథనాల్‌లోకి దిగే ఉంటుంది. ఆ సంచి అక్కడే వదిలేసి, మేడ మీద కుండీల్లో బంతినారు వేశాను.