బూగన్‌విల్‌లో నా ముక్కు

పాపువా న్యూగినీలో బూగన్‌విల్ దీవులు. బూకా నుంచి కొకోపావుకి పడవలో ఐదు నిమిషాలు, అక్కడ ల్యాండ్‌క్రూజర్ నిండేదాకా రెండున్నర గంటలు. మన షేర్ ఆటోవాళ్లే నయం, "ఒక్కరొస్తే బయల్దేరదాం" అని కనీసం అబద్ధమైనా చెప్తారు. వకునాయ్ అనే ఊరికి అడిగిన కీనాలు (ఇక్కడి డబ్బు) రూపాయల్లోకి లెక్కేస్కుని కడుపు మండింది, రాజధాని మోర్స్‌బీలో మూడేళ్లుగా ఉద్యోగం చేస్తున్నా ఈ లెక్కల రోగం పోలేదు.

పక్కన ఒక పెద్దాయన, వక్కతో నోరంతా ఎర్రగా. తమలపాకు కాదండోయ్, డాకా అని ఓ కాయ, దాన్ని సున్నంలో అద్దుకుని కొరుకుతారు. ఈ దేశంలో అందరూ కలిసి మాట్లాడుకునే టోక్ పిసిన్‌లో మాట కలిపా. ఆయనది వకునాయ్ పైన కొండల్లో ఊరు, సొంత భాష రోటోకాస్. మాట్లాడేవాళ్లు నాలుగు వేల పైచిలుకు. రాయడానికి 12 అక్షరాలు, 56 నేర్చుకోడానికి బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణి, కుళ్లుకున్నా. ఆ పన్నెండులో కూడా 'స' దండగే, 'త' పక్కన 'ఇ' వస్తే 'స'లా పలుకుతుందంతే. ఇక ముక్కుతో పలికే మ, న లేవు! అమ్మా నాన్నా లేని భాష. రోటోకాస్‌లోనే 'అయితా' అనే యాసలో మాత్రం ఉన్నాయి.

బూకా వైపు మాట్లాడే హాలియా భాష, మలయ్ భాషకీ హవాయి భాషకీ చుట్టం. రోటోకాస్ కాదు. దీన్ని పాపువన్ అంటారు గానీ అది కులం పేరేం కాదు, ఫారంలో 'ఇతరులు' గడి లాంటిది. దగ్గర బంధువులు ఆ ఉత్తర బూగన్‌విల్ కొండల్లో ఉన్న మూడు నాలుగు భాషలే.

ఒక మాట నేర్పమన్నా. "అవుకవ" అన్నాడు, ముసలావిడ అని. మన అవ్వకి సంబంధం లేదులెండి. నేనూ శుభ్రంగా "అవుకవ" అన్నా. ఆయన వెనక్కి తిరిగి నా గొంతుతో "అముకమ" అన్నాడు, బండి బండంతా నవ్వు. నేను 'మ' అన్లేదు మొర్రో అన్నా ఎవరు వింటారు? తర్వాత తెలిసింది, అక్కడ పనిచేసిన భాషావేత్తలు కూడా ఇదే రాశారు, పరాయివాణ్ణి వెక్కిరించేటప్పుడే వీళ్ల నోట ముక్కు శబ్దాలు బాగా వినిపిస్తాయట, వాడు పలికినా పలక్కపోయినా.

ఢిల్లీలో ఉన్నప్పుడు మా ఆఫీసులో నేను హిందీలో ఏం చెప్పినా "అండుగుండు" అనేవాళ్లు. అప్పుడు మూడ్రోజులు మాట్లాడలేదు వాళ్లతో, ఇక్కడ మాత్రం నాకే నవ్వాగలేదు.

వకునాయ్‌లో డ్రైవరు బ్యాగుకి వేరే డబ్బులన్నాడు. "నోగాట్" అన్నా, అంటే లేదు అని. వెనకాల దిగుతున్న పెద్దాయన దాన్నీ ముక్కుతో సాగదీశాడు.