మీట్ వార్త పేపర్లో రావడానికి నేను పడిన పాట్లు

మొన్న ఆదివారం తిరుపతిలో మా అథ్లెటిక్స్ మీట్ జరిగింది. పత్రికల పని నాకు అప్పజెప్పారు. ముందురోజే ప్రెస్‌నోట్ వాట్సాప్‌లో పెట్టాను, విలేకరులు పొద్దున్నే వచ్చారు కూడా.

అవస్థంతా సాయంత్రం. అండర్ 14, 16, 18, 20, మళ్లీ అబ్బాయిలు, అమ్మాయిలు వేరు. ఫలితాలే పదకొండు కాగితాలు. పట్టుకుని ఒక పత్రిక ఆఫీసుకు వెళ్తే డెస్కులో ఆయన రెండు కాగితాలు తిప్పి, "అన్నీ పేర్లే కదా సార్, ఇందులో వార్తేది?" అన్నారు. గంటసేపు నిలబెట్టారు, కూర్చోమనలేదు. నా కళ్ల ముందే ఊళ్లో క్రికెట్ టోర్నీ స్కోరు ఫోన్లో అడిగి రాసుకున్నారు. మర్నాడు మాకు సింగిల్ కాలమ్, ఫొటోలో జెండా ఊపుతున్న ముఖ్య అతిథి. 100 మీటర్లు గెలిచిన శ్రీకాళహస్తి అమ్మాయి పేరే లేదు. నీరజ్ చోప్రా 2021లో టోక్యోలో 87.58 మీటర్లు విసిరితే మొదటి పేజీ ఇచ్చారు. పిల్లలు జావెలిన్ పట్టేది మొదట ఇలాంటి మీట్లలోనే కదా!

ఆయన తీరు తప్పే. కానీ ఆ ప్రశ్నకు జవాబు మనం రాసివ్వాలి. క్రికెట్లో అందరి కళ్లూ ఒకే బంతి మీద ఉంటాయి. మన దగ్గర ఒక మూల షాట్‌పుట్, ఇంకో మూల లాంగ్‌జంప్, మధ్యలో హీట్స్, అంటే ఫైనల్‌కు ముందు జరిగే వడపోత పరుగులు. ఎవరిని చూడాలో మైకులో చెప్పేవాళ్లుండరు. 2022లో కోజికోడ్‌లో మన జ్యోతి యర్రాజికి హర్డిల్స్‌లో జాతీయ రికార్డు దక్కలేదు. కారణం, వెనక నుంచి తోసే గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు. అనుమతి 2.0 వరకే. ఇలా చెబితే ఎవరు చదవరు?

100 మీటర్లు, రిలే ఫైనల్స్ నాలుగింటికల్లా ముగించండి, జిల్లా పేజీలు త్వరగా కట్టేస్తారు. పదకొండు కాగితాలు వద్దు. ఒక్కరి గురించి అయిదు వాక్యాలు చాలు: పేరు, ఊరు, పాత టైమింగ్, కొత్త టైమింగ్. స్టాప్‌వాచ్‌తో తీసిందైతే ఆ మాట రాయండి. 100 మీటర్లకు 0.24 సెకన్లు కలిపితే గానీ ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చలేం. ఫొటోగ్రాఫర్‌ను ఫినిష్ లైను దాటాక, పరుగుకు ఎదురుగా నిలబెట్టండి. బిబ్ నంబరు, అంటే చొక్కాకు తగిలించే పోటీ నంబరు, ఛాతీ మీద ఉండాలి, లేకుంటే ఫొటోలో ఎవరో డెస్కులో తెలియదు.

ముఖ్య అతిథిని ఆరంభానికి పిలవొద్దు. ఆలస్యమైతే వామప్ చేసిన పిల్లల కండరాలు ఎండలో నిలబడి బిగుసుకుంటాయి. బహుమతులివ్వడానికి పిలవండి, అప్పుడు ఆయన పక్కన గెలిచిన పిల్ల కూడా ఫొటోలో పడుతుంది.