పాపికొండల నుంచి కోరింగ దాకా

పాపికొండలు చూసి వచ్చినవారు మా కోనసీమలో దాదాపు ప్రతి ఇంటా ఉంటారు. అయితే తాము లాంచీలో దాటి వెళ్లినది జాతీయ ఉద్యానవనమని ఎరిగినవారు తక్కువ. దిగువన గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరింగనేమో కొందరు జాతీయ ఉద్యానవనమనుకుంటారు. చట్టరీత్యా అది అభయారణ్యం.

మన దేశంలో మొదటి జాతీయ ఉద్యానవనం 1936లో హిమాలయ పాదాల వద్ద హేలీ పేరుతో ఏర్పడింది. ఇప్పుడు దానినే కార్బెట్ అంటున్నాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దాని ప్రకారం అభయారణ్యంలో చుట్టుపక్కల ప్రజలకు తాతల నాటి నుంచి ఉన్న హక్కులలో కొన్నింటిని కొనసాగనివ్వవచ్చు. జాతీయ ఉద్యానవనంలో అవి ప్రభుత్వపరం కావాలి, పశువులను మేతకు తోలడానికి వీలులేదు. 1978లో అభయారణ్యమైన పాపికొండలకు, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన విస్తీర్ణంతో, 2008లో ఈ హోదా దక్కింది. తరతరాలుగా కొండరెడ్లు నివసిస్తున్న అడవికి ఇది చిన్న మార్పు కాదు.

ఇంతా చేసి లాంచీ యాత్రికుడికి ఆ అడవి కనిపించేది ఒడ్డు మేరకే. గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కి, మైకులో పాటలు వింటూ, పేరంటపల్లి శివాలయం దగ్గర దిగి దణ్ణం పెట్టుకుని తిరిగి వస్తాం. ఆ పాటలకు మురిసి అడవిదున్నలు ఒడ్డుకు వస్తాయని ఆశించలేము. 2019లో కచ్చులూరు వద్ద లాంచీ మునిగి ఎందరో చనిపోయారు గనుక, వరద రోజుల్లో ఈ యాత్ర తలపెట్టకపోవడమే మేలు.

అడవిలో కాలు పెట్టి నడవాలనుకునేవారికి నేను చెప్పేది కోరింగే. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దాటాక వస్తుంది. 1978లోనే అభయారణ్యమైన ఈ 235 చదరపు కిలోమీటర్ల మడ అడవిలో, బురదకు పైగా వేసిన చెక్క వంతెన మీద నడుస్తూ పోవచ్చు. సముద్రపు నీరు వెనక్కి తగ్గే పాటు సమయంలో వంతెన పక్కన వంగి చూస్తే, మడచెట్ల శ్వాసవేళ్లు వేలెడంత ఎత్తున, పెన్సిళ్లు గుచ్చినట్టు, బురదలోంచి పైకి పొడుచుకుని ఉంటాయి. గాలి ఆడని ఆ మట్టిలో చెట్టు ఊపిరి పీల్చేది వాటితోనే. వాటి సందుల్లో ఎర్రపీతలు కన్నాల్లోకి దూరుతుంటాయి. తిల్లచెట్టు కొమ్మ మాత్రం విరవకూడదు; దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. బావురుపిల్లి, నీటికుక్క ఇక్కడ ఉన్నా, పగటిపూట వచ్చినవారికి కనబడటం అదృష్టమే.

ఈ అడవికి పేరిచ్చిన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లోనూ, 1839లోనూ వచ్చిన తుపానుల ఉప్పెనలకు అది దెబ్బతిన్నది. సముద్రానికీ ఊళ్లకూ మధ్య మడ అడవి ఉండటం ఎంత అవసరమో ఈ తీరానికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా వంటచెరకుకూ పశువుల మేతకూ నరికివేతలు సాగాయి. చెట్లు పోయినచోట నేల కుంగి, ఎండకు ఉప్పుతేలి, మొక్క నాటినా బతకని స్థితి వచ్చింది. అటువంటి చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటునీరు లోపలికి వచ్చిపోయేటట్టు చేసి, ఆ తరువాతే మొక్కలు నాటారు. గ్రామస్థుల వన సంరక్షణ సమితులు ఆ పనిలో పాలుపంచుకున్నాయి. చెక్క వంతెన కన్నా ముందు సందర్శకులకు చూపవలసినవి ఆ కాలువలేనని నా అభిప్రాయం.

పాయల్లో పడవ నడిచేది పోటు ఉన్నప్పుడే కాబట్టి బయలుదేరే ముందు పోటు వేళ కనుక్కోవాలి. శ్వాసవేళ్లు చూడాలంటే పాటు దాకా ఆగాలి. రెండూ కావాలనుకునేవారు పూట మొత్తం కేటాయించుకోవాలి. హోప్ ఐలాండ్ సంగతి వేరు. కాకినాడ అఖాతానికి అడ్డుగోడలా నిలిచిన ఆ ఇసుకదిబ్బ మీద చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో అక్కడికి రాత్రిపూట లైట్లు పట్టుకుని వెళ్లకండి. తాబేలు పిల్లలను చూడాలని ఉంటే, అటవీశాఖ వారు వాటిని సముద్రంలోకి వదిలే రోజు ఎప్పుడో అడిగి వెళ్లవచ్చు.