లాభమున్న ప్రాజెక్టులో డబ్బు ఏ నెలలో అయిపోతుంది?

దుబాయ్‌లో అకౌంటెంట్ ఉద్యోగాల ప్రకటనలు చూస్తే ఈమధ్య వ్యాట్ రిటర్నులు, పేరోల్‌తో పాటు 'ఫైనాన్షియల్ మోడలింగ్ వచ్చి ఉండాలి' అన్న ముక్క కూడా కనిపిస్తోంది. బీకాం చేసి, ఊళ్లో ఒక ఆడిటర్ దగ్గర టాలీలో ఓచర్లు ఎక్కించి ఇక్కడికొచ్చిన నాలాంటివాళ్లకు ఆ మాట వింటేనే బెరుకు. ఎంబీఏలు, సీఎఫ్ఏలు చేసినవాళ్ల వ్యవహారమేమో అనిపిస్తుంది. కంపెనీకి రాబోయే, పోబోయే డబ్బును ముందుగానే ఎక్సెల్‌లో లెక్కవేసి చూడటమే అది, నిజానికి అందులో కూడికలు, తీసివేతలు దాటి పెద్ద లెక్కలేం లేవు. ఏ డబ్బు ఏ నెలలో వస్తుంది, ఏ నెలలో పోతుంది అని ఒక్కో మనిషినీ వదలకుండా అడగాలి, ఆ అడగడమే కష్టం.

నేను పనిచేసేది ఒక మధ్యస్థాయి కాంట్రాక్టింగ్ కంపెనీలో. ఆఫీసు అల్ కూజ్‌లో, ఉండేది షార్జాలో. సాయంత్రం ఆరింటికి బయల్దేరితే షార్జా రోడ్డు మీద ఎంతసేపు నిలబడాలో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు, అందుకే ట్రాఫిక్ తగ్గేదాకా ఆఫీసులోనే కూర్చుని ఎక్సెల్ ముందేసుకునేవాణ్ణి. ఫీజులేం కట్టలేదు. న్యూయార్క్ యూనివర్సిటీలో చెప్పే అశ్వత్ దామోదరన్ తన పాఠాలూ స్ప్రెడ్‌షీట్లూ అన్నీ నెట్‌లో ఉచితంగానే పెట్టారు, వాల్యుయేషన్, అంటే ఒక కంపెనీ విలువ కట్టడం, ఏమిటో అక్కడే తెలిసింది. కానీ ఆ ఉదాహరణలన్నీ అమెరికా స్టాక్ మార్కెట్ కంపెనీలవి, వచ్చే పదేళ్లలో అమ్మకాలు ఎంత శాతం పెరుగుతాయి అన్న గొడవ. మా కంపెనీకి పదేళ్ల బెంగ లేదు, వచ్చే నెల బెంగే. రిటెన్షన్ (పని సరిగా ఉంటుందన్న హామీకి క్లయింట్ బిల్లులో ఆపుకునే భాగం) గురించి, అడ్వాన్స్ రికవరీ (ముందిచ్చిన డబ్బును బిల్లుల్లోంచి వెనక్కి కోసుకోవడం) గురించి ఏ వీడియోలోనూ ఒక్క ముక్క దొరకలేదు. చివరికి మా సొంత కాంట్రాక్టు కాగితాలే ముందేసుకుని కూర్చున్నా.

ఒక లెక్క చెప్తా, అంకెలు సులువు కోసం గుండ్రంగా వేసుకున్నవి. కాంట్రాక్టు 1.2 కోట్ల దిర్హాములు, 12 నెలల పని, నెలకు 10 లక్షల బిల్లు. ఖర్చు నెలకు 9.2 లక్షలు. అంటే 8 శాతం లాభం, మొత్తం 9.6 లక్షలు. ఈ లైనులో ఇది మంచి ప్రాజెక్టే. మొదట్లో క్లయింట్ 10 శాతం అడ్వాన్స్ ఇస్తాడు, 12 లక్షలు. ఆ అడ్వాన్స్‌ను ప్రతి బిల్లులో 10 శాతం చొప్పున వెనక్కి కోసుకుంటాడు, రిటెన్షన్ అని ఇంకో 10 శాతం ఆపుకుంటాడు. కాబట్టి 10 లక్షల బిల్లుకు చేతికొచ్చేది 8 లక్షలు, అదీ 60 రోజుల తర్వాత. 5 శాతం వ్యాట్ పక్కన పెట్టండి, అది మన డబ్బు కాదు.

ఇప్పుడు నెలలు అడ్డంగా పరిచి వేసి చూడండి. మొదటి నెల చివర అడ్వాన్స్ పోను, ఖర్చు పోను 2.8 లక్షలు మిగులుతుంది, అందరూ హుషారుగా ఉంటారు. రెండో నెలకే 6.4 లక్షల మైనస్. మూడో నెల నుంచి 8 వస్తుంది, 9.2 పోతుంది, అంటే నెల నెలా ఇంకో 1.2 లక్షలు లోపలికి దిగడమే. పన్నెండో నెలలో, బిల్డింగు పూర్తయి రిబ్బన్ కోసే రోజుకి, 18.4 లక్షల లోటు! మిగిలిన రెండు బిల్లులు వచ్చినా 2.4 లక్షల మైనస్‌లోనే ఉంటాం. హ్యాండోవర్ తర్వాత సగం రిటెన్షన్ 6 లక్షలు వస్తేనే ప్లస్‌లోకి. మిగతా 6 లక్షలు డిఫెక్ట్స్ పీరియడ్ (కట్టినదాంట్లో లోపాలుంటే మనమే సరిచెయ్యాల్సిన గడువు) అయ్యాక, మామూలుగా ఇంకో ఏడాదికి. ఆ లాభం 9.6 లక్షలూ పూర్తిగా కళ్లజూసేది అప్పుడే. ప్రాఫిట్ అండ్ లాస్ స్టేట్‌మెంట్ మాత్రం మొదటి నెల నుంచీ నెలకు 80 వేల లాభం అని నవ్వుతూనే ఉంటుంది.

మరి ఇక్కడ ఇన్ని కంపెనీలు ఎలా నడుస్తున్నాయంటే, సప్లయర్ల చెక్కుల మీద. ఖర్చులో 60 శాతం మెటీరియల్, సబ్‌కాంట్రాక్టర్లు అనుకుని వాళ్లకు 90 రోజుల పోస్ట్‌డేటెడ్ చెక్కులు ఇచ్చినట్టు ఒక్క గడి మార్చండి. పన్నెండో నెల లోటు 18.4 నుంచి 1.84 లక్షలకు దిగిపోతుంది. ఇదేదో బాగుందే అనుకునేలోపు ఇంకో గడి మార్చండి, క్లయింట్ డబ్బు ఒక్క నెల ఆలస్యంగా ఇచ్చాడని. మళ్లీ 9.84 లక్షల లోటు, కానీ ఈసారి మన సంతకాలున్న చెక్కులు జనం చేతుల్లో ఉన్నాయి. 2022 జనవరి నుంచి చట్టం మార్చి, డబ్బు చాలక తిరిగొచ్చిన చెక్కును చాలావరకు క్రిమినల్ కేసుల్లోంచి తప్పించారు గానీ, చెక్కు పట్టుకుని నేరుగా కోర్టు ఎగ్జిక్యూషన్‌కు, అంటే డబ్బు వసూలు చేయించుకోవడానికి, వెళ్లే దారి తెరిచారు. కాబట్టి టెన్షన్ పోలేదు, రూపం మారింది. నన్నడిగితే ఫైనాన్షియల్ మోడలింగ్ అంటే ఈ రెండు గడులే. తక్కినదంతా వాటికి కట్టిన పందిరి.

ఆ పందిరికీ కొన్ని కట్టుబాట్లున్నాయి, అవి మొదట్లోనే అలవాటవ్వాలి. మనం చేత్తో వేసే అంకెలు నీలం రంగులో, ఫార్ములాలు నలుపులో. ఫార్ములా లోపల 5 శాతమో 60 రోజులో అంకెలు దాచెయ్యకూడదు, అన్నీ ఒక షీట్‌లో బయటికి కనపడాలి. ఒక వరుసలో మొదటి నెలకు ఏ ఫార్ములా ఉందో చివరి నెలకూ అదే. 2012లో జేపీ మోర్గాన్ లండన్ ఆఫీసులో 600 కోట్ల డాలర్లకు పైగా పోయిన వ్యవహారం మీద బ్యాంకే వేసిన విచారణ రిపోర్టులో ఒక మాటుంది: రిస్కు లెక్కగట్టే మోడల్‌లో అంకెలను ఒక ఎక్సెల్ షీటు నుంచి ఇంకో షీటుకు చేత్తో కాపీ పేస్ట్ చేసేవాళ్లు, ఒకచోట సగటుతో భాగించాల్సింది మొత్తంతో భాగించారు, దాంతో రిస్కు తక్కువగా కనిపించింది. నష్టమంతా ఆ షీటు వల్లే అనడం అన్యాయం గానీ, అంత పెద్ద బ్యాంకులోనే అలా జరిగితే మనమెంత.

ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో లేని డబ్బును బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు, దాని వడ్డీ దగ్గర అందరూ ఒకసారి ఆగుతారు. వడ్డీ బ్యాలెన్స్ మీద ఆధారపడుతుంది, బ్యాలెన్స్ వడ్డీ మీద, ఎక్సెల్ సర్క్యులర్ రిఫరెన్స్ అని అరుస్తుంది. ఇటరేషన్ (అదే లెక్కను మళ్లీ మళ్లీ వేయించే సెట్టింగు) ఆన్ చేసి దాని నోరు నొక్కెయ్యమని నెట్ నిండా సలహాలే. చెయ్యకండి, అసలు తప్పు ఎక్కడైనా ఉంటే అది కూడా దాని కింద దాక్కుంటుంది. నెల మొదటి బ్యాలెన్స్ మీద వడ్డీ వేస్తే సరిపోతుంది, తేడా పెద్దగా ఉండదు, మోడల్ శుభ్రంగా ఉంటుంది. గ్రాట్యుటీ కూడా చాలామంది వదిలేస్తారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు, ఇది పుస్తకాల్లో నెల నెలా రాస్తాం గానీ డబ్బు కదిలేది మనిషి వెళ్లిపోయే నెలలో. ప్రాజెక్టు అయిపోయి యాభై మందిని ఒకేసారి పంపిస్తే, సరిగ్గా పైన చెప్పిన పన్నెండో నెల లోటు మీదే వచ్చి పడుతుంది.

మనుషుల సంగతికొస్తే, మా సైట్లలో జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు ఎక్కువ. టైమ్‌షీట్ల పని మీద క్యాంపుకి వెళ్తే ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడుగుతారు, "సారూ, ఈ నెల జీతం టైముకే పడ్తదా? ఇంటికాడ చిట్టీ కట్టేదుంది." ఇక్కడ 2009 నుంచి వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ ఉంది, జీతాలు బ్యాంకు ద్వారానో మనీ ఎక్స్ఛేంజ్ ద్వారానో పడాలి, ఆలస్యం చేస్తే కంపెనీకి కొత్త వర్క్ పర్మిట్లు ఆగిపోతాయి. అందుకని మా మోడల్‌లో జీతాల వరుసకు ఆలస్యం గడి పెట్టలేదు. సప్లయర్‌కు ఉంది, సబ్‌కాంట్రాక్టర్‌కు ఉంది, అద్దెకు కూడా ఉంది, జీతాలకు లేదు. మా ఫైనాన్స్ మేనేజర్, ఈజిప్ట్ ఆయన, "ఫ్లెక్సిబుల్‌గా ఉండాలి కదా, అదీ పెట్టు" అన్నారు. వద్దు సర్, గడి ఉంటే ఎప్పుడో ఒకసారి దాన్ని వాడతాం అన్నా. ఆయన కాసేపు నా మొహం చూసి వదిలేశారు.

షీటు కట్టడం కంటే దాన్ని నింపడానికే ఎక్కువ తిరగాలి. పని ఎంత శాతం అయిందో మా మలయాళీ క్వాంటిటీ సర్వేయర్ (అయిన పని కొలిచి లెక్కగట్టేవాడు) ఒకటి చెప్తాడు, సైట్ ఇంజనీర్ ఇంకోటి, క్లయింట్ కన్సల్టెంట్ సర్టిఫై చేసేది మూడోది. మోడల్‌లోకి ఎక్కాల్సింది ఆ మూడోదే, ఎందుకంటే డబ్బొచ్చేది దాని మీదే. 60 రోజుల సంగతీ అంతే. కాంట్రాక్టులో రాసింది వదిలేసి, అదే క్లయింట్ పాత బిల్లులు బ్యాంకులో ఎప్పుడు పడ్డాయో తీసి సగటు వేస్తే అసలు రంగు బయటపడుతుంది. ఇప్పుడు షీట్ పైన ఒక స్విచ్ పెట్టాం, ఒకటి కొడితే కాంట్రాక్టు ప్రకారం, రెండు కొడితే పాత అనుభవం ప్రకారం. ఓవర్‌డ్రాఫ్ట్ లిమిట్ పెంచమని బ్యాంకుకు వెళ్లినప్పుడు రెండూ పట్టుకెళ్లాం. మా ఖాతా చూసే బ్యాంకు రిలేషన్‌షిప్ మేనేజర్ మొదటిది తిరగేసి పక్కన పెట్టేశాడు, రెండోదాని మీదే సగం పూట ప్రశ్నలడిగాడు. అడిగినంత ఇవ్వలేదు, కానీ మేం మైనస్‌లోకి వెళ్లే నెలకు ముందే ఇచ్చాడు.