క్యాథెటర్ నా చేతికి వచ్చిన తర్వాత

రోడ్డు ప్రమాదంలో నా వెన్నుపాము ఛాతీ భాగంలోని పదో పూస దగ్గర దెబ్బతింది. కాళ్ళు కదలకపోవడం అందరి కంటికీ కనిపిస్తుంది కనుక పరామర్శకు వచ్చినవారంతా దాని గురించే అడిగేవారు. మూత్రాశయం నిండిన సంగతి నాకు తెలియడం లేదనీ, నిండినా పూర్తిగా ఖాళీ కావడం లేదనీ మా అమ్మకూ, మా వారికీ, వార్డులోని సిస్టర్లకూ తప్ప ఎవరికీ తెలియదు. నిజానికి ప్రాణం మీదికి తెచ్చేది ఈ రెండో సంగతే. మూత్రాశయంలో ఒత్తిడి పెరిగితే మూత్రం వెనక్కి, కిడ్నీల వైపు ఎగదన్నుతుంది. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో ఒకప్పుడు ఎంతోమంది కిడ్నీలు పాడైపోయే చనిపోయేవారు.

మొదటి వారాల్లో నాకు ఫోలీ క్యాథెటర్ ఉండేది. లోపల బుడగతో నిలిచిన గొట్టం, మంచం పక్కన వేలాడే సంచీ, ఆ సంచీ ఎవరైనా చూస్తారేమోనని దుప్పటి సర్దుతూ ఉండే అమ్మ. పరిస్థితి కుదుటపడ్డాక, మా ప్రాంతం నుంచి చాలామంది వెళ్ళినట్టే, వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి పునరావాస కేంద్రాన్ని 1966లో మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ స్వయంగా 1954లో ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసిన మనిషి అని విన్నాక, నా జబ్బు గురించి మాట్లాడడానికి నాకు సిగ్గు సగం తగ్గింది.

అక్కడ ఫోలీ తీసేసి, రోజుకు కొన్నిసార్లు నేనే సన్నని గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకుని, వెంటనే గొట్టం తీసేసే పద్ధతి నేర్పారు. “మీ అమ్మగారికి నేర్పమంటే నేర్పుతాను, కానీ ముందు నువ్వు నేర్చుకోవాలమ్మా” అన్నారు సిస్టర్. ఆ మాటకు ఈనాటికీ ఆమెకు రుణపడి ఉన్నాను. వేరొకరి చేతి మీద ఆధారపడితే వాళ్ళు ఊరెళ్ళినా, నిద్రపోయినా, విసుక్కున్నా మన మూత్రాశయం ఆగదు.

చేతులు సబ్బుతో కడుక్కుని, కాళ్ళు ఎడంగా సర్దుకుని, ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకుని, ఎడమచేతి రెండు వేళ్ళతో తెరిచి పట్టుకుని, తొడల మధ్య నిలబెట్టిన అద్దంలో మూత్రద్వారాన్ని గుర్తుపట్టాలి. అది యోనిద్వారానికి కాస్త పైన చిన్న గుంటలా ఉంటుంది. గొట్టం పొరపాటున యోనిలోకి వెళితే దాన్ని తీయకుండా గుర్తుగా అక్కడే ఉంచి, కొత్త గొట్టం దానికి పైన పెట్టమన్నారు. ఆడవారికి మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కనుక కొద్దిదూరం వెళ్ళగానే ధార మొదలవుతుంది. అప్పుడు ఇంకొంచెం లోపలికి జరిపి, ఆగిపోయాక మెల్లగా వెనక్కి తీస్తూ, మధ్యలో మళ్ళీ చుక్కలు పడితే అక్కడే ఆగాలి. చివర మిగిలే ఆ కొంచెమే ఇన్ఫెక్షన్‌కు ఊతమిస్తుంది. కొన్నాళ్ళకు అద్దం అవసరం లేకుండా వేలి స్పర్శతోనే దారి తెలిసింది.

ప్రతిసారీ ఆపరేషన్ థియేటర్‌లో ఉండేంత పరిశుభ్రత కావాలేమోనన్న భయం నాకు చాలా ఉండేది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ జాక్ లాపిడీస్ 1972లోనే శుభ్రమైన చేతులు, శుభ్రమైన గొట్టం చాలునని చూపారని డాక్టరుగారు వివరించారు. మూత్రాశయం మితిమీరి సాగితే దాని గోడలకు రక్తప్రసరణ తగ్గి, క్రిములను తట్టుకునే శక్తి పోతుందనీ, అందుచేత వేళకు ఖాళీ చేయడమే అన్నిటికన్నా ముఖ్యమనీ లాపిడీస్ వాదన. ఈ ఒక్క విషయం అర్థమయ్యాక నా భయం స్థానంలోకి గడియారం వచ్చింది. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి తీసుకుంటాను. ప్రతిసారీ కొలిచి పుస్తకంలో రాసేదాన్ని. 500 మిల్లీలీటర్లు దాటితే వ్యవధి తగ్గించాలి. పగలంతా చక్రాల కుర్చీలో ఉన్నప్పుడు కాళ్ళలోకి దిగిన నీరు పడుకోగానే మూత్రంగా మారుతుంది కనుక, సాయంత్రం కాసేపు కాళ్ళు ఎత్తిపెట్టి పడుకుని, నిద్రకు ముందు తప్పకుండా తీసుకుంటాను.

“బయటికి వెళ్ళే రోజు మంచినీళ్ళు తగ్గించుకోరాదూ” అని మా అత్తయ్య ప్రేమతోనే అనేవారు. మన ఆడవాళ్ళకు ఇది చిన్నప్పటి నుంచీ అలవాటైన ఉపాయమే. నాలాంటివారికి మాత్రం అది హాని చేస్తుంది. మూత్రం చిక్కబడితే ఇన్ఫెక్షనూ, రాళ్ళూ వెంటబడతాయి. నేను నీళ్ళు మానను. రోజంతా సమంగా తాగుతాను, రాత్రి పడుకునే ముందు రెండు గంటలు మాత్రం తగ్గిస్తాను.

మళ్ళీ జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పడానికి వెళ్ళేటప్పుడు ప్రిన్సిపాల్‌గారిని ఒకే ఒక్క విషయం అడిగాను: కింది అంతస్తులో కుర్చీ పట్టేంత వెడల్పు తలుపు, లోపల గడియ ఉన్న మరుగుదొడ్డి. కారణం కూడా దాచకుండా చెప్పాను. ఆయన పాత స్టోరు గదిని ఆనుకుని ఉన్న దాన్ని బాగు చేయించారు. నా సంచీలో 12 నంబరు నెలటాన్ రకం సన్నని గొట్టాలు, జెల్లీ, తడి తుడుపులు, చిన్న అద్దం, ఒక జత బట్టలు ఉంటాయి. ఆడవారి కోసం పొట్టి గొట్టాలు ఉన్నా నేను పొడవైనవే వాడతాను, ఎందుకంటే కుర్చీలోంచి దిగకుండానే దాని చివర కమోడ్‌ను అందుకుంటుంది. బయట ఎప్పుడూ కొత్తదే వాడతాను. ఇంట్లో మాత్రం నేర్పిన ప్రకారం సబ్బునీటితో లోపలా బయటా కడిగి, ఆరబెట్టి, మూతపెట్టి దాచుకుంటాను. గరుకైతే పారేస్తాను.

పరీక్ష రిపోర్టులో “పస్ సెల్స్” (చీము కణాలు) అని కనిపించగానే యాంటీబయాటిక్ మొదలుపెట్టే అలవాటు చుట్టుపక్కల చాలా ఉంది. గొట్టం వాడేవారి మూత్రంలో క్రిములు ఉండడం మామూలే. జ్వరం, చలి, కొత్తగా లీకులు, కాళ్ళ బిగుతు పెరగడం వంటివి ఉంటేనే కల్చర్ (ఏ క్రిమో తేల్చే మూత్ర పరీక్ష) చేయించి మందు వాడమని నాకు గట్టిగా చెప్పారు. దెబ్బ ఛాతీ భాగంలోని ఆరో పూస దగ్గర గానీ అంతకు పైన గానీ తగిలినవారికి ఇంకొక జాగ్రత్త ఉంది. హఠాత్తుగా తలపోటు, ముఖానికి చెమటలు, బీపీ పెరగడం కనిపిస్తే నిటారుగా కూర్చోబెట్టి ముందు మూత్రాశయం ఖాళీ చేయాలి. తగ్గకపోతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఎవరూ అడగలేక ఆగిపోయే ప్రశ్న ఒకటుంది కనుక చెబుతున్నాను: దాంపత్య జీవితానికి ఇది అడ్డం కాదు. ముందుగా ఖాళీ చేసుకుంటే మనసు నిశ్చింతగా ఉంటుంది.

ఏడాదికోసారి కిడ్నీల స్కానింగ్‌కు వేలూరు దగ్గరి స్టేషన్ కాట్పాడి దాకా రైల్లో వెళ్తాం. మూత్రాశయం బిగుసుకోకుండా నేను వేసుకునే సొలిఫెనాసిన్ వల్ల నోరు ఎండిపోతోందనీ, మలబద్ధకం కూడా ఉందనీ ఈసారి చెప్పాను. మోతాదు తగ్గించి, లీకులు మొదలైతే ఫోన్ చేయమన్నారు. కొలత పుస్తకం మళ్ళీ తీసి రాస్తున్నాను.