తొర్ర ఉంటేనే గూబ

మా శ్రీకాకుళం వైపు గుడ్లగూబ గురించి ఎవర్ని అడిగినా ముందు శకునమే చెప్తారు. ఇంటి మీద వాలితే ఒకటి, అరిస్తే ఒకటి, ఇంట్లోకి దూరితే శాంతి చేయించాలి, కొంతమందైతే ఇల్లు ఖాళీ చేసి కొన్నాళ్ళు వేరేచోట ఉండి రావాలని కూడా అంటారు. అది ఎక్కడుంటుంది, ఏం తింటుంది, గుడ్లెక్కడ పెడుతుంది అంటే మాత్రం చెప్పేవాళ్ళు తక్కువ. చిన్నప్పట్నుంచి నేను చూసిన గూబలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటుంటే ఒక సంగతి బాగా తెలిసొచ్చింది, దాదాపు ప్రతిసారీ అక్కడో తొర్ర ఉంది. చెట్టు తొర్రో, పాత గోడలో కన్నమో, బావి ఒరలో రాయి ఊడిపోయిన సందో. కాకిలాగా పుల్లలేరుకొచ్చి గూడు కట్టుకునే అలవాటు వీటికి లేదు, ఎవరో వదిలేసిన ఖాళీలో గుడ్లు పెట్టుకుని పిల్లల్ని పెంచుకుంటాయి. మా ఊళ్ళల్లో ఇప్పుడు ఆ ఖాళీలే పోతున్నాయి, అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నా.

ముందు పైడికంటి గురించి చెప్పాలి, ఎందుకంటే అందరికీ ఎక్కువగా కనిపించేది అదే. మా మామ్మ దాన్ని పైడికంటి అనేది, పిల్లలం మేం చిన్నగూబ అనేవాళ్ళం. ఆమదాలవలస నుంచి నాగావళి వైపు పోతే మా ఊరు, పొలం గట్ల మీద తాటిచెట్లు, వాటిలో ఒకటి ఎప్పుడో పిడుగు పడి తల పోయి ఉత్త మోడు మిగిలింది. తాటిచెట్టుకి తల పోతే లోపల దవ్వంతా మెల్లగా కుళ్ళిపోయి పైనుంచి గొట్టంలా డొల్ల అయిపోతుంది, బయట పెచ్చు మాత్రం గట్టిగా నిలబడే ఉంటుంది. ఆ డొల్లలో ఒక ఏడు చిలకలు, ఒక ఏడు గోరింకలు, ఎక్కువ ఏళ్ళు మాత్రం పైడికంటి జంట. గోరింక కంటే ఎత్తులో పెద్ద తేడా లేదు, కాకపోతే బొద్దుగా ఉంటుంది, బూడిదరంగు ఒంటి నిండా తెల్లచుక్కలు, పచ్చటి గుండ్రటి కళ్ళు, వాటి మీద తెల్లటి కనుబొమలు. పొద్దు వాలి ఇంకా వెలుతురు ఉండగానే బయటికొచ్చి మోడు అంచున కూర్చుంటుంది, మనం గట్టు మీద ఆగి చూస్తే అది కూడా మనల్ని చూస్తూ తల పైకీ కిందకీ ఊపుతుంది, పక్కలకి కూడా జరుపుతుంది. చిన్నప్పుడు అది మనల్ని బెదిరిస్తోందనుకునేవాళ్ళం. అసలు సంగతేంటంటే గూబ కళ్ళు మన కళ్ళలాగా గుంటలో అటూ ఇటూ తిరగవు, బిగించేసినట్టు ఉంటాయి, అందుకని ఎంత దూరంలో ఉన్నామో అంచనా వేసుకోడానికి తలనే కదుపుతుంది. పక్కకి చూడాలన్నా మెడే తిప్పాలి. మన మెడలో 7 ఎముకలుంటే దాని మెడలో 14, అందుకే అటైనా ఇటైనా 270 డిగ్రీల దాకా తిప్పగలదు. ఇందులో దెయ్యం లేదు, శకునమూ లేదు, చూడాలంటే దానికి ఉన్న దారి అదొక్కటే.

వరి కోసాక మా వైపు మాగాణిలో మినుము, పెసర చల్లుతారు కదా, చిన్నాన్న ఆ చేలో కర్రలు పాతుతాడు, పైన అడ్డంగా ఒక ముక్క కట్టి. వ్యవసాయం వాళ్ళు పక్షి స్థావరాలు అంటారు. తోక చీలిన నల్లపిట్టలు వాటి మీద కూర్చుని పురుగుల్ని ఏరుకుంటాయని పెట్టేది. వెన్నెల రోజుల్లో రాత్రి పొలం వెళ్తే అదే కర్ర మీద పైడికంటి ఉంటుంది. చిన్నాన్న అయితే సంబరంగా చెప్తాడు, "పగలు నల్లపిట్టలు డ్యూటీ, రేత్రి ఈటి డ్యూటీ, నానేటి జీతమిస్తన్నానేట్రా" అని. పొద్దున ఆ కర్రల కింద వెతికితే బొటనవేలి గోరంత బూడిదరంగు ఉండలు దొరుకుతాయి, చాలామంది రెట్ట అనుకుంటారు గానీ కాదు. గూబకి పళ్ళు లేవు కాబట్టి చిన్న వేటైతే మింగేస్తుంది, అరగని బొచ్చు, ఎముకలు, పురుగుల పెంకులు కడుపులోనే ఉండ చుట్టుకుని తర్వాత నోటితో కక్కేస్తుంది. ఒకసారి అలాంటి ఉండ ఒకటి తెచ్చి స్టీల్ గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టి అగ్గిపుల్లతో మెల్లగా విడదీశాను. ముందు పేడపురుగు రెక్కల పెంకులు తేలాయి, నల్లగా ఇంకా మెరుస్తూ. తర్వాత మిడత కాళ్ళు, రంపపు పళ్ళలాంటి ముళ్ళతో సహా. అడుగున బూడిద బొచ్చు మధ్యలో చిట్టెలుక దవడ ఒకటి, వడ్లగింజ కంటే కాస్త పెద్దది, ముందు పన్ను పసుపుగా వంకీ తిరిగి చెక్కు చెదరకుండా ఉంది. ఆ పన్నే మన గాదె కింద, ధాన్యం బస్తాల్లో కన్నాలు పెట్టేది. గిన్నె పట్టుకుని చిన్నాన్నకి, పక్క చేల వాళ్ళకి కూడా చూపించాను, చేతిలోకి తీసుకుని మరీ చూశారు. శకునం గురించి ఎంత వాదించినా వినని మనుషులు ఆ దవడ చూసి మాత్రం కాసేపు ఏమీ అనలేదు.

ఇంక తెల్లగూబ. దీన్ని చూసింది విజయనగరం జిల్లాలో, చీపురుపల్లి అవతల మా మేనత్తగారి ఊళ్ళో. అక్కడ ఎప్పుడో మూతపడ్డ రైస్ మిల్లు ఒకటి ఉండేది, పెంకులు సగం జారిపోయి, గోడల్లో బెల్టులు దూర్చిన కన్నాలు అలాగే ఉండిపోయి. రాత్రయితే లోపల్నుంచి బుస్సు బుస్సుమని ఆగకుండా శబ్దం, ఊరంతా కోడెనాగు అని ఒకళ్ళు, దెయ్యం అని ఇంకొకళ్ళు. అత్త అయితే మమ్మల్ని గడప దాటనివ్వలేదు, "ఒరే ఎల్లకండ్రా, రేత్రయితే బుసలు కొడతాది, నా మాటినండి" అని. మర్నాడు సాయంత్రం నేనూ బావా ఆమెకి చెప్పే వెళ్ళాం, లోపలికి కాదు, పక్కింటి డాబా మీదకి, అక్కడ్నుంచి మిల్లు గోడ పైభాగం తిన్నగా కనిపిస్తుంది. టార్చి వాటి కళ్ళల్లో కొట్టకూడదని ముందే అనుకుని ఎర్రగుడ్డ కట్టుకెళ్ళాం. దూలానికీ గోడకీ మధ్య అరలో పిల్లలు, ఒకదాని పక్కన ఒకటి వరసగా, అన్నీ వేరువేరు సైజులు. పెద్దదానికి అప్పటికే తమలపాకు ఆకారంలో తెల్లటి మొహం తేలింది, చివర్న చిన్నది ఇంకా నూగుతోనే ఉంది. ఈ గూబ మొదటి గుడ్డు పెట్టిన రోజునుంచే పొదుగుతుంది, మిగతావి రెండు మూడు రోజులకొకటి చొప్పున పెడుతూ పోతుంది, అందుకని పిల్లలు కూడా అలాగే ఒకదాని తర్వాత ఒకటి బయటికొస్తాయి, అన్నకీ ఆఖరి తమ్ముడికీ వారం పది రోజులు పైనే తేడా ఉంటుంది. ఆ బుసలన్నీ ఆకలికి అరుపులే, అమ్మానాన్నా తిండి తెచ్చేదాకా అలా అంటూనే ఉంటాయి.

పెద్దగూబ వచ్చినప్పుడు మాకు ముందు తెలియనే లేదు. డాబా మీద మా తలల పైనుంచే పోయింది, అంత పెద్ద రెక్కలు, గాలి కదిలిన శబ్దం కూడా రాలేదు, ఎదురుగా గోడ మీద తెల్లగా వాలాక చూశాం, గోళ్ళల్లో ఎలుక. దాని రెక్క ముందు ఈకల అంచున సన్నటి దువ్వెన పళ్ళలాంటి కుచ్చు ఉంటుంది, గాలిని అది చీల్చేసి చప్పుడు చంపేస్తుంది. చెవులు కూడా రెండూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందకి, అందుకే కటిక చీకట్లో గడ్డి కింద ఎలుక కదిలినా అది ఎక్కడుందో ఆ శబ్దంతోనే పట్టేస్తుంది. ఆ రాత్రి మేం డాబా మీద ఉన్నంతసేపూ రెండూ మార్చి మార్చి తెస్తూనే ఉన్నాయి. అత్తకి ఫోన్లో వీడియో చూపిస్తే ఆమె అన్న మాట, "ఓలమ్మ, ఎంత ముద్దుగున్నాయిరా, ఈటికేటి పాపం నేదు". తర్వాత చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ ఆమే చెప్పింది, నేను వంద పోస్టులు పెట్టినా రాని మార్పు అది.

ఆ మిల్లు ఇప్పుడు లేదు. పడగొట్టి ఫంక్షన్ హాల్ కట్టారు, కట్టుకోవడం వాళ్ళ హక్కే, కాదనను. కానీ గోడ అంతా నున్నగా ప్లాస్టరింగు, పైన స్లాబు, ఒక్క సందు లేదు. తెల్లగూబ అడవిలోకి పోయి బతికే పిట్ట కాదు, మన పొలాల పక్కన మన పాత కట్టడాల్లోనే దాని బతుకు.

చేపల గూబని నాగావళి ఒడ్డున మామిడితోటలో చూశాను, అది కూడా కాకుల పుణ్యమా అని. పట్టపగలు కాకులన్నీ ఒకే కొమ్మ చుట్టూ చేరి గోల చేస్తున్నాయంటే అక్కడ పామైనా ఉండాలి, గూబైనా ఉండాలి, పిట్టల్ని చూడాలనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. బాగా పెద్ద గూబ, చెవుల దగ్గర ఈకలు కొమ్ముల్లా లేచి, కాళ్ళకి మిగతా గూబల్లా బొచ్చు లేకుండా ఉత్తగా. పాదాల అడుగు గరుకుగా ఉంటుంది, చేప జారకుండా. ఇది ఎగిరితే రెక్కల చప్పుడు వినిపిస్తుంది, నీళ్ళలో ఉన్న చేపకి పైన చప్పుడుతో పనేముంది, అందుకే దీనికి ఆ దువ్వెన అంచు అవసరం పడలేదు. రేవులో బండ మీద ఎండ్రకాయల డొప్పలు కనిపిస్తే రాత్రి అక్కడ భోజనం అయిందని లెక్క. దీనికి ముసలి చెట్లు కావాలి, పెద్ద పంగలు, లోతు తొర్రలు ఉన్నవి.

ముసలి చెట్లంటే ఉద్దానం గుర్తొస్తుంది, అమ్మమ్మగారి ఊరు కవిటి దగ్గర. అక్కడ కొబ్బరి, జీడి, పనస కలిసిపోయి పగలే చీకటిగా ఉండేది, రాత్రి మంచం వేసుకుంటే అటొకటి ఇటొకటి పైడికంటులు ఒకదానికొకటి బదులిచ్చుకునేవి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది. ఆ తెల్లవారుజాము తర్వాత ఉద్దానం ఎలా ఉందో చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మనుషుల కష్టం ముందు పిట్టల మాట ఎత్తడానికి అప్పుడు నోరు రాలేదు. కొబ్బరి మళ్ళీ నాటారు, జీడి మళ్ళీ వేశారు, కాపు కూడా మొదలైంది. కానీ మొక్క ఐదారేళ్ళకి కాయొచ్చు గానీ తొర్ర అలా రాదు, కొమ్మ విరగాలి, వాన నీరు దిగాలి, చెదలు తినాలి, వడ్రంగిపిట్ట తొలవాలి, దానికి ఒక మనిషి వయసు పడుతుంది. అమ్మమ్మ ఇంటి వెనక ఆ పెద్ద పనస పడిపోయాక అటువైపు పైడికంటి అరుపు నేనైతే మళ్ళీ వినలేదు.

ఎలుకల మందు సంగతి కూడా చెప్పాలి. బ్రోమాడయోలోన్ కలిపిన ఎర తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు, కొన్ని రోజులు తిరుగుతుంది, లోపల రక్తం గడ్డకట్టక నీరసపడి మెల్లగా నడుస్తుంది, అలాంటిదే గూబకి సులువుగా దొరుకుతుంది. ఆ మందు గూబ ఒంట్లోకీ పోతుంది. మందు వేయక తప్పని చోట వేస్తారు, రైతుని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, చచ్చినవీ చావబోతున్నవీ రోజూ ఏరి పాతిపెడితే సగం నష్టం తప్పుతుంది. మలేషియాలో పామాయిల్ తోటల్లో తెల్లగూబల కోసం స్తంభాల మీద చెక్కపెట్టెలు పెడతారు, ఎలుకల్ని అవి చూసుకుంటాయని. మన విజయనగరం వైపు కూడా పామాయిల్ తోటలు ఉన్నాయిగా, ఒక్క తోటలోనైనా ఎవరైనా పెట్టి చూస్తే బాగుండు. పెట్టె చేయించడానికి నాతో పాటు బావ కూడా రెడీగా ఉన్నాడు.

కింద పడ్డ గూబపిల్ల కనిపిస్తే రాళ్ళేయకండి, నోట్లో నీళ్ళు పోయకండి, దెబ్బ లేకపోతే తొర్ర దగ్గరే ఎత్తైన చోట వదిలేస్తే రాత్రికి తల్లి వచ్చి చూసుకుంటుంది. దెబ్బ ఉంటే గాలి ఆడే అట్టపెట్టెలో చీకట్లో ఉంచి ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చేయండి. దీపావళి ముందు పూజలకని గూబని అడిగేవాళ్ళు ఎవరైనా తగిలినా ఆ ఫారెస్టు వాళ్ళకే చెప్పండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టినా అమ్మినా నేరం.

పోయిన నెల చిన్నాన్న ఫోన్ చేసి తాటిచెట్లకి బట్టీ వాళ్ళు బేరానికి వచ్చారని చెప్పాడు, మోడుని కూడా కలిపి ఇచ్చేయమంటున్నారట. నేను అడిగింది ఒక్కటే, మిగతావి నీ ఇష్టం చిన్నాన్నా, మోడు మాత్రం ఉంచు, ఇది పైడికంటి గుడ్లు పెట్టే కాలం అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత అన్నాడు, "ఆ మోడుకి ఆళ్ళిచ్చేదేటిరా, టీ డబ్బులు. ఉండనీ. నేను రేపెల్లి దానికి సున్నం గీత ఎట్టేత్తాను, కూలోళ్ళు తెలీక కొట్టెయ్యకుండా." మర్నాడు మధ్యాహ్నం ఫోటో పంపాడు, గీత కాదు, మోడు చుట్టూ నడుమెత్తున తెల్లటి పట్టీయే వేశాడు.