కుటుంబ వ్యాపారంలో ఎవరి పేరు రాశారు?

బ్యాంక్ కౌంటర్ అవతల కూర్చున్నాయన అడిగింది చాలా మామూలు ప్రశ్న. "మీరెవరమ్మా, ఈ అకౌంట్‌కి మీకు ఏం సంబంధం?"

ఆవిడ ఆ వ్యాపారం లెక్కలు ఇరవై రెండేళ్లుగా రాస్తోంది. ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది, ఎవరు పదో తారీఖు దాటితే గానీ ఇవ్వరు, ఏ సరుకు ఎప్పుడు నిండుకుంటుంది, అన్నీ పుస్తకం తెరవకుండానే చెబుతుంది. భర్త పోయి అప్పటికి రెండు వారాలు. అకౌంట్ ఆయన పేరు మీద, లైసెన్స్ ఆయన పేరు మీద, అద్దె ఒప్పందం ఆయన పేరు మీద. సరుకు ఇచ్చేవాళ్లకి డబ్బు కట్టాలి, పనివాళ్లకి జీతాలివ్వాలి, అకౌంట్ మాత్రం ఆగిపోయింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆవిడ ఏడవలేదు, ఒక నిమిషం నిజంగానే జవాబు వెతుక్కుంది. చివరికి "ఆయన భార్యని" అంది. ఆ వ్యాపారంలో తానేమిటో చెప్పడానికి ఆవిడ దగ్గర వేరే మాట లేదు, ఎందుకంటే ఏ కాగితమూ ఆవిడకి ఆ మాట ఇవ్వలేదు.

కుటుంబ వ్యాపారాలకి చట్టంలో గుర్తింపు కావాలి, సాయం కావాలి అనే మాట వచ్చినప్పుడల్లా చర్చ నేరుగా ఆస్తి మీదకి వెళ్లిపోతుంది. యజమాని పోతే వారసుల మీద ఎంత పన్ను పడుతుంది, వాటాలు ఎలా చేతులు మారాలి, ఇవే. జర్మనీలో వారసులు సంస్థని ఐదేళ్లు నిలబెట్టి, జీతాల మొత్తాన్ని ఒక స్థాయి కంటే తగ్గనివ్వకుండా నడిపితే వ్యాపార ఆస్తిలో 85 శాతానికి వారసత్వ పన్ను మినహాయింపు దొరుకుతుంది, ఏడేళ్ల షరతుకి ఒప్పుకుంటే పూర్తి మినహాయింపు కూడా ఉంది. పన్ను కట్టడానికి మెషీన్లు అమ్ముకునే పరిస్థితి వస్తే వ్యాపారమే మిగలదు కాబట్టి ఇది అవసరమే, కాదనను. కానీ 2014లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానమే చాలా పెద్ద సంస్థలకి, నిజంగా అవసరమో కాదో చూడకుండా, ఇంత మినహాయింపు ఇవ్వడం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది, 2016లో చట్టం మార్చాల్సి వచ్చింది. నాకు ఆ తీర్పు న్యాయంగానే అనిపిస్తుంది. మాల్టా ఇంకో అడుగు ముందుకేసి కుటుంబ వ్యాపారాల కోసమే విడిగా ఒక చట్టం తెచ్చింది, 2017 మొదట్నుంచి అది అమల్లో ఉంది. అక్కడ నమోదు చేసుకోవడం ఎవరిష్టం వాళ్లది, చేసుకున్నవాళ్లకి వ్యాపారం తర్వాతి తరానికి అప్పగించే సమయంలో రాయితీలు, సలహాలు అందుతాయి.

ఇవన్నీ చదువుతుంటే నాకు ఆ కౌంటరే గుర్తొస్తుంది. ఈ సాయమంతా వాటాలున్నవాళ్లకి. మరి వాటా లేకుండా పొద్దున్నుంచి రాత్రి దాకా పని చేసినవాళ్ల సంగతి?

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన చట్టం ఇటలీది. 1975లో కుటుంబ చట్టాన్ని సంస్కరించినప్పుడు వాళ్ల సివిల్ కోడ్‌లో 230-బిస్ అనే అధికరణం చేర్చారు. కుటుంబ సభ్యులు ఎవరైనా ఆ వ్యాపారంలో క్రమం తప్పకుండా పని చేస్తుంటే, వేరే ఒప్పందమేదీ లేకపోయినా, వాళ్లకి కుటుంబ స్థితికి తగ్గ పోషణ హక్కు, పనికి తగ్గట్టు లాభంలో వాటా వస్తాయి. ఆ లాభంతో కొన్న ఆస్తిలోనూ, పెరిగిన వ్యాపార విలువలోనూ కూడా వాటా ఉంటుంది. లాభాన్ని ఎలా వాడాలి, వ్యాపారం మూసేయాలా వద్దా లాంటివి పనిచేసే సభ్యులు మెజారిటీతో తేల్చాలి. వారసులు వ్యాపారాన్ని పంచుకునేటప్పుడో, బయటివాళ్లకి అమ్మేటప్పుడో ముందుగా తీసుకునే హక్కు వీళ్లకే. ఆడవాళ్ల పని మగవాళ్ల పనితో సమానమని అదే అధికరణంలో ఒక వాక్యం విడిగా రాశారు. యాభై ఏళ్ల కిందట ఆ వాక్యం రాయాలని ఎవరికో తట్టిందంటే, లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లు గమనించారన్నమాట. 2024లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం పెళ్లి చేసుకోకుండా కలిసి జీవించే భాగస్వాములకి కూడా ఈ రక్షణ వర్తించాలని చెప్పింది.

ఫ్రాన్స్ దారి వేరు. వ్యాపారంలో పనిచేసే భార్య లేదా భర్త జీతగత్తెగానో, వాటాదారుగానో, సహాయకురాలిగానో ఏదో ఒక హోదా ఎంచుకోవాలి, ఏదీ ప్రకటించకపోతే జీతానికి పనిచేస్తున్నట్టే లెక్క. సహాయకురాలి హోదాకి 2022 నుంచి ఐదేళ్ల గడువు కూడా పెట్టారు, అందులోనే జీవితాంతం ఇరుక్కుపోకుండా. యూరోపియన్ యూనియన్ 2010లో తెచ్చిన ఆదేశం అయితే, సొంత వ్యాపారాల్లో సాయపడే జీవిత భాగస్వాములకి సామాజిక భద్రత, కనీసం 14 వారాలకి సరిపడా ప్రసూతి భృతి అందే వీలుండాలని సభ్యదేశాలకి చెప్పింది.

ఇంట్లో వాళ్ల మధ్య కాగితాలేంటి, నమ్మకం లేదా అని అడుగుతారు. ఈ ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను, అడిగేది దాదాపు ఎప్పుడూ కాగితం మీద పేరున్న మనిషే. గొడవలొచ్చినప్పుడే కాగితం అవసరమవుతుందనుకుంటారు గానీ, ఆ ఇంట్లో ఏ గొడవా లేదు. భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు పూర్తిగా నమ్మారు. నమ్మకం వాళ్లిద్దరి మధ్యే ఉంది, బ్యాంకుకి దానితో పనిలేదు.

గణాంకాల్లో వీళ్లకి ఒక పేరుంది, కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా సాయపడే కార్మికులని అంతర్జాతీయ కార్మిక సంస్థ విడిగా లెక్కిస్తుంది. అంటే లెక్కపెట్టడం తెలుసు, హక్కు ఇవ్వడమే మిగిలింది. నేను కోరేది పెద్దగా ఏమీ లేదు. వ్యాపారం నమోదు చేసే ఫారంలో యజమాని పేరు కింద, ఇందులో పనిచేసే కుటుంబ సభ్యులెవరు అని ఒక గడి ఉండాలి. ఆ గడిలో పేరున్నవాళ్లకి పింఛను, బీమా వర్తించాలి, యజమాని హఠాత్తుగా పోతే రోజువారీ చెల్లింపులు జరిపే తాత్కాలిక అధికారం వెంటనే రావాలి. పన్ను రాయితీ కావాలన్న యజమాని ముందు ఆ గడి నింపాలి.

ఆవిడ చేతికి అకౌంట్ రావడానికి నెలలు పట్టింది, ఆ లోపల ఇద్దరు సరఫరాదారులు దూరమయ్యారు. కొత్త అకౌంట్ ఫారం నింపుతుంటే వృత్తి దగ్గర అలవాటుగా 'గృహిణి' అని రాసి, ఆగి, కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో 'వ్యాపారం' అని రాసింది. కొట్టివేత ఉందని కౌంటర్‌లో ఆయన ఇంకో ఫారం ఇచ్చాడు. ఈసారి అన్ని గడులకంటే ముందు ఆ గడే నింపింది.